బంగారు వాచీ: ఎలా కడగాలి, ఎప్పుడు మెరుగు పెట్టాలి, ఎక్కడ చెయ్యి ఆపాలి

“పెళ్లిలో పెట్టిన బంగారు వాచీ మసకబారింది. ఇంట్లోనే మెరుగు పెట్టుకోవచ్చా? టూత్‌పేస్టుతో రుద్దితే తళతళలాడుతుందంటున్నారు, నిజమేనా?”

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ముహూర్తాల రోజులు దగ్గరపడగానే ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. జవాబు ముందే చెబుతాం. కడుక్కోవచ్చు. మెరుగు మాత్రం అచ్చ బంగారపు వాచీకే పెట్టాలి, అదీ ఏడాదికి ఒకటి రెండు సార్లే. మసకబారిందని మీరు అనుకుంటున్న వాచీ మీద చాలాసార్లు ఉండేది చెమట, నూనె, దుమ్ము కలిసి గట్టిపడిన జిడ్డే. అది పోతే కింద బంగారం బాగానే ఉంటుంది. ఆ జిడ్డును వదిలించడానికి బంగారాన్నే రుద్ది తీసేయడం వల్లే ఎక్కువ వాచీలు పాడవుతున్నాయి.

ముందు మీ వాచీ ఏదో తేల్చుకోండి

వాచీని తిప్పి, వెనక మూత మీద, బెల్టు తగిలించే కొమ్ముల వెనక ఏం రాసుందో చూడండి. అక్షరాలు సన్నగా ఉంటాయి. ఫోన్ కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే తేలిగ్గా కనిపిస్తాయి.

750 అని ఉంటే 18 క్యారెట్ల బంగారం, 585 అని ఉంటే 14 క్యారెట్లు. పూత కాని ఈ వాచీలనే ఇక్కడ అచ్చ బంగారపు వాచీలంటున్నాం. నగల్లో మనం చూసే 916, అంటే 22 క్యారెట్లు, వాచీ కేసుకు మరీ మెత్తన. అందుకే వాచీల్లో అరుదు.

“గోల్డ్ ప్లేటెడ్” అనో, 10 మైక్రాన్లు, 20 మైక్రాన్లు అనో ఉంటే అది పూత. మన మాటల్లో కవరింగ్. “స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్” అని మాత్రమే ఉంటే వెనక మూత ఒక్కటే స్టీలు అని అర్థం. ముందున్న బంగారు రంగు కేసు ఇత్తడి మీద వేసిన పూత అయ్యే అవకాశమే ఎక్కువ. ఇళ్లలో బీరువా లాకర్లలో ఉన్న పాత హెచ్‌ఎంటీలు, పెళ్లికి కొన్న టైటన్ జతలు ఎక్కువగా ఈ రకమే. ఈమధ్య వాచీల్లో స్టీలు మీద పీవీడీ పద్ధతిలో, అంటే ఆవిరి రూపంలో పట్టించి వేసిన పూత కూడా ఉంటోంది. ఇది గట్టిది, కానీ ఇదీ పూతే.

పూత ఎంత పల్చనో ఒకసారి ఊహించుకోండి. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. మంచి పాత వాచీ మీద ఉన్న బంగారం అందులో మూడో వంతు కూడా లేదు. చవక వాచీల మీద ఒక మైక్రాను కూడా ఉండదు. గరుకు పొడి ఏది పెట్టి రుద్దినా, ప్రతిసారీ అందులోంచే కొంత పోతుంది. ఏ గుర్తూ లేకపోతే పూతేనని అనుకొని నడుచుకోండి, నష్టం లేదు. గీటురాయి మీద గీయించి చూద్దామని మాత్రం అనుకోవద్దు.

నీళ్లు తగలొచ్చా?

ఈ ఒక్క విషయంలో పొరపాటు జరిగితే పోయేది లోపలి మెషీను.

“వాటర్ రెసిస్టెంట్ 30 మీటర్లు” లేక “3 ఏటీఎం” అని రాసుంటే 30 మీటర్ల లోతుకు దిగొచ్చని కాదు. చేతులు కడుక్కునేటప్పుడు పడే తుంపర్లకు ఫర్వాలేదని మాత్రమే. అదీ కొత్తగా ఉన్నప్పటి మాట. లోపలి రబ్బరు వాషరు ఏళ్లు గడిచేకొద్దీ ఎండి బిగిసిపోతుంది. కాబట్టి వాచీ తలను, అంటే అద్దం, డయలు, కేసు ఉన్న భాగాన్ని ఎప్పుడూ నీళ్లలో ముంచొద్దు, కుళాయి కింద పెట్టొద్దు. కీ ఇచ్చే పాత వాచీలకైతే తడి గుడ్డ కూడా బాగా పిండాకే తగలాలి.

ముంచి కడగదగ్గది విడదీసిన మెటల్ చెయిన్ ఒక్కటే.

కావలసినవి

- మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు 3. ఒకటి తడికి, ఒకటి ఆరబెట్టడానికి, ఒకటి ఆఖర్న తుడవడానికి. కళ్లజోడు గుడ్డలైనా సరే, ఉతికినవై ఉండాలి.
- చిన్నపిల్లల టూత్‌బ్రష్ 1, కొత్తది. పెద్దవాళ్ల పాత బ్రష్‌లో పేస్టు పొడి ఎండి ఉంటుంది, అదే గీతలు పెడుతుంది.
- వెదురు పళ్లపుల్లలు 5, 6. పిన్నీసు, సూది పనికిరావు.
- గిన్నెలు తోమే లిక్విడ్ 2, 3 చుక్కలు, లేదా పిల్లల షాంపూ. ఒంటి సబ్బు వద్దు. మన బోరు నీళ్లలో అది తెట్టు కట్టి చెయిన్ సందుల్లో తెల్లగా పేరుకుంటుంది.
- గోరువెచ్చని నీళ్లు 200 మి.లీ. చెయ్యి పెడితే హాయిగా ఉండాలి, అంతే.
- డిస్టిల్డ్ వాటర్ ఒక చిన్న బాటిల్. బైకు, కారు బ్యాటరీల్లో పోసేదే. కొనేటప్పుడు “నీళ్లు” అని అడిగి, లేబుల్ చదివి తీసుకోండి. పక్కనే బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు. ఇది దొరక్కపోతే ఆర్‌ఓ నీళ్లు.
- దుమ్ము ఊదే రబ్బరు బల్బు. కెమెరా షాపుల్లో ఉంటుంది.
- మందుల షాపులో దొరికే పేపరు ప్లాస్టరు ఒక చుట్ట.
- అచ్చ బంగారపు వాచీ అయితేనే, నగలు తుడిచే రెండు పొరల పాలిష్ గుడ్డ.

కడిగే పద్ధతి

1. బల్ల మీద తెల్లటి టవలు పరచండి. వాచీకి ముందు, వెనక ఫొటో తీసుకోండి. చెయిన్ ఏ వైపు ఏ కొమ్ముకు ఉందో తర్వాత గుర్తుండదు.

2. కీ తిప్పే బుడిపె పూర్తిగా లోపలికి నొక్కి ఉందో లేదో చూడండి. మర వేసే రకమైతే బిగించండి. టైమ్ ఆపడానికి బయటికి లాగి పెట్టి, అలాగే తుడవడం చాలామంది చేసే పొరపాటు. అది తలుపు తెరిచిపెట్టి ఇల్లు కడిగినట్టే.

3. చెయిన్ లేదా బెల్టు విప్పండి. కొమ్ముల లోపలివైపు, పైభాగం మీద పేపరు ప్లాస్టరు అంటించి, ఆ తర్వాతే పిన్ను నొక్కే పనిముట్టు పెట్టండి. కత్తి మొనతో ప్రయత్నిస్తే జారి కొమ్ము మీద తెల్లటి గీత పడుతుంది, పూత వాచీకి ఆ గీత జన్మలో పోదు. పిన్నులో స్ప్రింగు ఉంటుంది, ఎగిరి పడుతుంది, కాబట్టి మరో వేలు అడ్డం పెట్టండి. విప్పే పనిముట్టు లేకపోతే బలవంతం చేయొద్దు. చెయిన్ విప్పకుండానే తడి గుడ్డతో తుడుచుకోండి. తక్కువ శుభ్రం అవుతుంది, కానీ ఏదీ పాడుకాదు.

4. తడి తగలక ముందే పొడి మట్టి తీసేయాలి. ఈ మెట్టును దాదాపు అందరూ వదిలేస్తారు. వెనక మూత అంచు చుట్టూ, కొమ్ముల మొదట్లో, బుడిపె చుట్టూ నల్లటి ముద్ద పేరుకొని ఉంటుంది. వాచీని వెనక మూత కిందికి వచ్చేలా వాల్చి పట్టుకొని, పళ్లపుల్ల మొనతో ఆ ముద్దను అంచు వెంబడి బయటికి లాగండి. లోపలికి తోయొద్దు. ఊడినది టవలు మీద పడుతుంది. పుల్ల కొస మొద్దుబారగానే మార్చండి. ముందే తడి చేస్తే ఆ మట్టి బురదై మూత సందులోకి, బుడిపె రంధ్రంలోకి దిగుతుంది. తర్వాత రబ్బరు బల్బుతో ఊదండి. నోటితో ఊదితే తుంపర పడుతుంది.

5. గోరువెచ్చని నీళ్లలో లిక్విడ్ కలిపి, ఒక గుడ్డ కొసను ముంచి, చుక్క కారనంతగా పిండండి. బుడిపె పైకి వచ్చేలా వాచీని పట్టుకొని కేసును, వెనక మూతను తుడవండి. నొక్కి రుద్దకండి. జిడ్డు గట్టిగా ఉన్నచోట తడి కొసను అర నిమిషం ఆనించి ఉంచితే మెత్తబడుతుంది, తర్వాత ఒక్క తుడుపుకే వస్తుంది. అద్దాన్ని ఆఖర్న, గుడ్డలో శుభ్రంగా మిగిలిన భాగంతో.

6. డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి పిండిన గుడ్డతో రెండుసార్లు తుడవండి, సబ్బు మిగలకూడదు. వెంటనే పొడి గుడ్డ పెట్టండి.

7. ఇప్పుడు చెయిన్. అచ్చ బంగారం, లేదా పూత ఎక్కడా పోని చెయిన్ అయితే సబ్బు నీళ్లలో 10 నుంచి 15 నిమిషాలు. పూత పోయి కింద ఇత్తడి కనిపిస్తుంటే 5 నిమిషాలు చాలు. తీసి, చూపుడు వేలికి చుట్టినట్టు వంచండి. లింకుల మధ్య సందు తెరుచుకుంటుంది. ఆ సందుల వెంబడి బ్రష్‌తో మెల్లగా, లోపలివైపు ఎక్కువసేపు తోమండి, ఎందుకంటే మట్టంతా చర్మానికి ఆనే వైపే ఉంటుంది. నీళ్లు నల్లబడితే పారబోసి కొత్తవి కలపండి. ఏళ్ల తరబడి కడగని చెయిన్‌కు మూడుసార్లు మార్చాల్సి రావచ్చు.

8. చెయిన్‌ను ముందు మామూలు నీళ్లు పోసిన గిన్నెలో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో జాడించండి. సింకు పైన పట్టుకొని జాడిస్తే పిన్ను జారి గొట్టంలోకి పోతుంది. డిస్టిల్డ్ వాటర్ ఎందుకంటే, బోరు నీళ్లు ఆరాక సున్నపు చుక్కలు తెల్లగా మిగిలిపోతాయి. కడిగినా మెరుపు రాలేదని కొందరు మళ్లీ రుద్దడం మొదలుపెట్టేది ఈ చుక్కల్ని చూసే.

9. టవల్లో చుట్టి అద్దండి, లింకుల్లోకి బల్బుతో గాలి కొట్టండి, ఫ్యాను కింద 3 గంటలు వదిలేయండి. ఎండలో పెట్టొద్దు. మే నెలలో మన దగ్గర మేడ మీది ఎండకు అద్దం అంటించిన జిగురు, రబ్బరు వాషరు రెండూ దెబ్బతింటాయి. జుట్టు ఆరబెట్టే వేడి గాలి యంత్రం కూడా వద్దు.

10. ఫొటో చూసుకొని చెయిన్ తగిలించండి. పిన్ను కొమ్ము రంధ్రంలో కూర్చున్నప్పుడు “టిక్” అని వినిపించాలి. రెండు వైపులా చెయిన్ పట్టుకొని గట్టిగా ఒకసారి లాగి చూడండి.

తోలు బెల్టు ఉంటే దాన్ని నానబెట్టొద్దు. పిండిన గుడ్డతో లోపలివైపు తుడిచి నీడన ఆరనివ్వండి. చెమట వాసన పట్టేసిన బెల్టును కాపాడాలని చూడటం వృథా, మార్చేయండి.

మన దగ్గర ఎక్కువగా పట్టే మరకలు

*పసుపు, కుంకుమ.* అలిపిరి దారిలో మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కేవాళ్ల వాచీలు చూడండి. వేళ్లకున్న కుంకుమ, మణికట్టు చెమట, కర్పూరం మసి మూడూ కలిసి చెయిన్ లింకుల్లో ఎర్రనల్లటి పేస్టులా కూరుకుపోతాయి. ఇలాంటి చెయిన్ నానబెట్టినప్పుడు నీళ్లు ఎర్రబడితే కంగారు పడకండి. పసుపు క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది, మీ బంగారం కరగడం లేదు. కొండ దిగిన రోజే పొడి గుడ్డతో ఒకసారి, తడి గుడ్డతో ఒకసారి తుడిస్తే ఈ పనంతా తప్పుతుంది. మెట్టు పూజ చేసేటప్పుడు వాచీ తీసి సంచిలో పెట్టుకోవడం ఇంకా మేలు.

*మామిడి సొన.* తోటల్లో, మండీల్లో పనిచేసేవాళ్లకు జూన్, జూలై నెలల్లో తప్పదు. సొన ఆరితే గోధుమరంగు బంకలా పట్టేస్తుంది, నీళ్లకు లొంగదు. గోరుతో గీకకండి. దూది మీద ఒక చుక్క కొబ్బరినూనె వేసి మరక మీద 2 నిమిషాలు ఆనించండి, మెత్తబడ్డాక తుడిచి, ఆ నూనెను సబ్బు గుడ్డతో తీసేయండి. నూనె బుడిపె వైపు పోకుండా చూసుకోవాలి.

*ఆకుపచ్చ చిలుము.* దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. చెమటలోని ఉప్పు పూతలోని సన్నటి రంధ్రాల గుండా కింది ఇత్తడిని చేరి, రాగిని తిని, పచ్చగా బయటికి వస్తుంది. అంటే అక్కడ పూత అప్పటికే తెగింది. పొడి పళ్లపుల్లతో తీసి, తుడిచి, ఆరబెట్టండి. కింద చిన్న గుంట మిగులుతుంది, ఏ మెరుగూ దాన్ని పూడ్చదు. ఆ వాచీని రోజూ పెట్టుకోవడం మానేసి, మళ్లీ పూత వేయించాలా అన్నది ఆలోచించండి.

మెరుగు: అచ్చ బంగారానికి మాత్రమే

18 క్యారెట్ల బంగారంలో నాలుగో వంతు వెండి, రాగి లాంటి లోహాలు ఉంటాయి. మసకబారేది అవే. కడిగి పూర్తిగా ఆరాక కూడా మసక ఉంటేనే పాలిష్ గుడ్డ తియ్యండి. తడి మీద ఆ గుడ్డ పనిచేయదు, పైగా పాడవుతుంది.

ముందు కేసును వెలుతురులో చూడండి. అద్దంలా మెరిసే చోట్లు, సన్నటి గీతలతో మెత్తగా కనిపించే చోట్లు వేర్వేరుగా ఉంటాయి. ఆ గీతలు అరుగుదల కాదు, తయారుచేసినవాళ్లు కావాలని పెట్టినవి. వాటి మీద పాలిష్ పెడితే మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది. కాబట్టి గీతల భాగాన్ని, రాళ్లుంటే వాటిని, అంకెలు చెక్కిన చోటును పేపరు ప్లాస్టరుతో కప్పేయండి. లోపలి మందు గుడ్డతో మెరిసే భాగాన్ని ఒకే దిశలో, తేలికపాటి ఒత్తిడితో, ఒక్కో వైపు నిమిషానికి మించకుండా తుడవండి. గుడ్డ నల్లబడుతుంది, అది మామూలే. ఎంత తుడిచినా నల్లగా వస్తూనే ఉంటుంది, ఎందుకంటే కొంత లోహమూ వస్తోంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా రుద్దుదామని కూర్చుంటే కొమ్ముల అంచులు గుండ్రబడతాయి. పాత వాచీకి ఆ పదునైన అంచులే విలువ. పై పొర గుడ్డతో ఒకసారి తుడిచి ఆపేయండి.

గోరుకు తగిలే గీత గుడ్డతో పోదు. దాన్ని అలాగే ఉండనివ్వండి.

మరి టూత్‌పేస్టు?

కేసుకు వద్దు. పళ్ల మీది గారను తీయడానికి అందులో గరుకు పొడి వేస్తారు, పళ్ల పింగాణీ కన్నా బంగారం చాలా మెత్తన. ఒక్కచోట మాత్రం అది నిజంగా పనికొస్తుంది. పాత హెచ్‌ఎంటీల మీద ఉండే ప్లాస్టిక్ అద్దానికి. గోరుతో తడితే గాజు గణగణలాడుతుంది, ప్లాస్టిక్ మొద్దుగా పలుకుతుంది. పెదవికి ఆనిస్తే గాజు చల్లగా ఉంటుంది. ప్లాస్టిక్ అని తేలితే అద్దం చుట్టూ కేసు మొత్తాన్ని ప్లాస్టరుతో కప్పి, కందిగింజంత తెల్ల పేస్టు దూది మీద తీసుకొని 2, 3 నిమిషాలు గుండ్రంగా రుద్ది, పిండిన గుడ్డతో తుడవండి. సన్న గీతలు పోతాయి. గాజు అద్దానికి దీనివల్ల లాభమేమీ ఉండదు.

వద్దన్నా వాడుతున్నవి

చింతపండు, నిమ్మకాయ ఇత్తడి చెంబుకు మంచివే. పూత తెగిన చోట అదే పులుపు కింది ఇత్తడిని తింటుంది. విబూది, వంటసోడా పొడులు కాబట్టి గీతలు పెడతాయి. కుంకుడు రసం అచ్చ బంగారపు చెయిన్‌కు ఫర్వాలేదు, గుడ్డలో రెండుసార్లు వడగట్టాలి, లేకపోతే పిప్పి లింకుల్లో ఇరుక్కుంటుంది. బట్టల బ్లీచింగ్ దగ్గరికే రానివ్వొద్దు. అందులోని క్లోరిన్ బంగారంలో కలిపిన ఇతర లోహాలను దెబ్బతీసి అతుకుల దగ్గర పగుళ్లు తెస్తుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం ప్లాస్టిక్ అద్దాన్ని కరిగిస్తుంది, శానిటైజరు రాస్తే అదే అద్దంలో సాలెగూడు లాంటి పగుళ్లు వస్తాయి. సెంటు కొట్టుకున్నాక అది ఆరేదాకా ఆగి వాచీ పెట్టుకోండి.

బాగా వచ్చిందా? ఇలా చూడండి

- కొత్త తెల్ల గుడ్డతో కేసు అంచు వెంబడి తుడవండి. బూడిదరంగు చార వస్తే సబ్బు గుడ్డ మరోసారి.
- కిటికీ దగ్గర వాచీని ఏటవాలుగా పట్టుకొని కొమ్ముల అంచులు, వెనక మూత పక్కలు చూడండి. మిగతా రంగు కన్నా ఎర్రగానో తెల్లగానో కనిపిస్తే అక్కడ పూత అరిగింది. జిడ్డయితే తుడిస్తే కదులుతుంది, అరుగుదల కదలదు. ఇక ఆ చోట రుద్దొద్దు.
- వాచీని గుప్పిట్లో 5 నిమిషాలు వెచ్చబెట్టి, అద్దం మీద ఒక చుక్క చల్లటి నీళ్లు వేసి నిమిషం ఆగి తుడవండి. అద్దం లోపలివైపు మంచులా ఆవిరి కనిపిస్తే లోపల తేమ ఉంది. కనిపించకపోతే తేమ లేదని మాత్రమే అర్థం, నీళ్లు దూరవని కాదు.
- మర్నాడు అదే వేళకు టైమ్ సరిచూడండి. కడగక ముందు కన్నా ఎక్కువ తేడా వస్తే, ముల్లు ఆగి ఆగి నడిస్తే షాపుకు తీసుకెళ్లాలి.

ఆవిరి కనిపిస్తే బియ్యం డబ్బాలో పెట్టకండి. బియ్యప్పొడి సందుల్లో చేరడం తప్ప ఉపయోగం లేదు. ఆలస్యమైతే లోపలి స్టీలు భాగాలకు తుప్పు మొదలవుతుంది, కాబట్టి అదే రోజు షాపులో మూత తీయించండి. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు 2016లోనే కేంద్రం ఆమోదం తెలిపింది. లోపలి భాగాలు పాడైతే సరిపోయేవి వెతుక్కోవాల్సిందే.

తిరుపతి గాంధీ రోడ్డులో అయినా, చిత్తూరు బజారులో అయినా, వాచీ ఇచ్చేటప్పుడు ఇలా అడగండి: “అన్నా, మూత తీసి వాషరు చూడు, గట్టిపడుంటే మార్చు. కేసుకు బఫ్ మాత్రం పెట్టొద్దు.” ఈ రెండో మాట చెప్పకపోతే కొన్నిచోట్ల మర్యాద కోసం మోటారు చక్రం మీద ఒకసారి మెరిపించి ఇస్తారు. 10 మైక్రాన్ల పూతకు ఆ ఒక్కసారి చాలు, అంచుల్లో ఇత్తడి బయటపడుతుంది. తిరిగి తీసుకునేటప్పుడు, ముందు తీసుకున్న ఫొటోతో కొమ్ముల అంచులను అక్కడే నిలబడి పోల్చి చూసుకోండి.